సంతకాలు చాలు, ముందు సరిహద్దు గేటు సంగతి చూడండి

పొరుగు దేశాలతో వాణిజ్య ఒప్పందాలు కుదుర్చుకునే మంత్రులకు, ఆ ఒప్పందాలను రాసే అధికారులకు,

నమస్కారం.

మీలో ఎవరో ఒకరు ఎప్పుడూ ఏదో ఒక శిఖరాగ్ర సమావేశానికి సిద్ధమవుతూనే ఉంటారు కాబట్టి ఈ ఉత్తరం ఎప్పుడు చేరినా ఆలస్యం కాదు. అడగదలచుకున్నది ఒక్కటే. పొరుగు దేశాలతో కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు, పాత ఒప్పందం సరిహద్దు గేటు దగ్గర ఎంతవరకు అమలవుతోందో లెక్క బయటపెట్టండి. లెక్క చెప్పలేకపోతే కొత్త సంతకాన్ని వాయిదా వేయండి.

పొరుగు మార్కెట్లు కలవకూడదని రాస్తున్న ఉత్తరం కాదిది. కలవాలని గట్టిగా కోరుకుంటాను కాబట్టే ఇంత చిరాకు. ప్రపంచమంతా ఒకే మార్కెట్ అయిపోయిందని దశాబ్దాలుగా వింటున్నాం. అయినా పక్క దేశానికి సరుకు పంపడం కన్నా సముద్రాలు దాటించడం తేలికగా ఉన్న చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. దక్షిణాసియా గురించి 2018లో ప్రపంచ బ్యాంకు చెప్పింది ఇదే. గోడ పక్కనే ఉన్న పాకిస్తాన్‌తో కన్నా ఎక్కడో ఉన్న బ్రెజిల్‌తో వ్యాపారం చేయడం భారతదేశానికి చవక అని తేల్చింది. అప్పటికి దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం, అదే సాఫ్టా, అమల్లోకి వచ్చి 12 ఏళ్లు. ఆ ప్రాంత దేశాలు తమలో తాము చేసుకునే వ్యాపారం వాటి మొత్తం విదేశీ వాణిజ్యంలో 5 శాతం దగ్గరే ఏళ్ల తరబడి కదలకుండా కూర్చుంది. ఆగ్నేయాసియా కూటమి ఆసియాన్‌లో అది పావు వంతుకు కాస్త అటూ ఇటూ. యూరోపియన్ యూనియన్‌లో సగానికి మించి. ఈ మూడు చోట్లా ఒప్పందాలున్నాయి, సచివాలయాలున్నాయి, జెండాలున్నాయి. తేడా వేరే చోట ఉంది.

ఒక ఉదాహరణ చెప్తాను. 2019 జూలైలో నైజర్ రాజధాని నియామేలో ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద నైజీరియా సంతకం చేసింది. చప్పట్లు మోగాయి. ఖండంలోని 55 దేశాల్లో ఎరిత్రియా తప్ప అన్నీ సంతకం చేసినట్టయింది. మరుసటి నెల, ఆగస్టులో, అదే నైజీరియా తన భూ సరిహద్దులను సరుకులకు మూసేసింది. బెనిన్ వైపు నుంచి బియ్యం దొంగతనంగా వస్తోందన్నది కారణం. మళ్లీ గేట్లు తెరవడం మొదలుపెట్టింది 2020 డిసెంబరులో. ఈ రెండు దేశాలూ 1975 నుంచి పశ్చిమాఫ్రికా దేశాల ఎకోవాస్ కూటమిలో సభ్యులే. స్మగ్లింగ్ లేదని నేను అనను, ఉంది. ఒక దేశం ఎక్కువ సుంకం వేసి, పక్క దేశం తక్కువ వేస్తే సరుకు తక్కువ వైపు దిగి, చీకటి దారిన ఎక్కువ వైపు వెళ్తుంది. ఇది ఎవరూ ఊహించలేనిది కాదు. ఊహించగలిగిన సమస్యకు ఒప్పందంలో దారి లేకపోవడమో, ఉన్న దారిని ఎవరూ పట్టించుకోకపోవడమో జరిగింది. నష్టపోయింది మాత్రం బియ్యంతో సంబంధమే లేని వ్యాపారులు. టమాటా లారీలు, ఫ్యాక్టరీ ముడిసరుకులు, అన్నీ ఆ గేటు దగ్గరే ఆగిపోయాయి.

యూరప్‌ను మీరంతా ఆదర్శంగా చూపిస్తారు. నేనూ అదే చూపిస్తాను, కానీ మీరు దాటేసే పేజీని చూపిస్తాను. 1957 నాటి రోమ్ ఒప్పందంతో మొదలుపెట్టి ఆరు దేశాలు తమ మధ్య సుంకాలను 1968 జూలై 1 నాటికి పూర్తిగా ఎత్తేశాయి. అక్కడితో పని అయిపోవాలి కదా? కాలేదు. 1984 ఫిబ్రవరిలో, అంటే సుంకాలు పోయిన 16వ ఏట, కస్టమ్స్ దగ్గర గంటల తరబడి, రోజుల తరబడి ఆగి విసిగిపోయిన లారీ డ్రైవర్లు ఫ్రాన్స్‌లో రోడ్లు దిగ్బంధించారు. సుంకం లేదు, కానీ ఫారాలున్నాయి. ఒక్కో దేశానికి ఒక్కో ఫారం, ఒక్కో పన్ను లెక్క, ఒక్కో నాణ్యత ప్రమాణం, ఒక్కో తనిఖీ. ఆ మరుసటి ఏడాది యూరోపియన్ కమిషన్ కూర్చుని, అడ్డంకులను ఒక్కొక్కటిగా పేరు పెట్టి రాసింది. దాదాపు 300 చర్యల జాబితా తయారైంది. ప్రతిదానికీ తేదీ పెట్టారు, గడువు 1992 ఆఖరు. 1988లో రకరకాల కస్టమ్స్ ఫారాల స్థానంలో ఒకే ఫారం వచ్చింది. 1993 జనవరి 1న లోపలి సరిహద్దుల్లో కస్టమ్స్ తనిఖీలు పోయాయి. సుంకం సున్నా కావడానికీ గేటు తెరుచుకోవడానికీ మధ్య దాదాపు పాతికేళ్లు పట్టింది. మీ ప్రసంగాల్లో 1957 వస్తుంది, 1993 వస్తుంది. ఆ 300 పేర్ల జాబితా మాత్రం రాదు. నా దృష్టిలో యూరప్ చేసిన అసలు పని ఆ జాబితాయే.

యూరోపియన్ యూనియన్‌లోంచి బయటికొచ్చిన బ్రిటన్ ఇదే కథను వెనక్కి నడిపి చూపించింది. 2021 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్‌కూ బ్రిటన్‌కూ మధ్య ఉన్న ఒప్పందం ప్రకారం, నిబంధనలకు తగిన సరుకు మీద సుంకం సున్నా, పరిమాణం మీద కోటా లేదు. పాత్రికేయులకు చెప్పుకోవడానికి అంతకన్నా గొప్ప ఒప్పందం ఉండదు. అయినా మాంసం, చేపలు, పాల పదార్థాలు పంపేవాళ్లకు పశువైద్యుడి ధ్రువపత్రం కావాల్సి వచ్చింది. ప్రతి సరుకుకూ కస్టమ్స్ డిక్లరేషన్ వచ్చి చేరింది. పెద్ద కంపెనీలు మనుషుల్ని పెట్టుకుని ఆ పని నెట్టుకొచ్చాయి. చిన్న ఎగుమతిదారుల్లో కొందరు ఖర్చులు లెక్కేసుకుని యూరప్‌కు అమ్మడమే మానేశారు. ఒక్క రూపాయి సుంకం లేకుండానే సరిహద్దు ఎంత ఎత్తు పెరగగలదో ఆ ఏడాది అందరూ చూశారు.

అందువల్ల మీరు 'సుంకాలు 90 శాతం తగ్గించాం' అని చెప్పినప్పుడు నాకు సంతోషం వేయదు. మిగిలిన 10 శాతంలో ఏం దాచారో ముందు చూస్తాను. ఒక దేశం అమ్మగలిగే నాలుగు సరుకులూ ఆ పదిలోనే ఉంటే, 90 ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. సాఫ్టాలో 'సున్నితమైన సరుకుల జాబితా' అని ప్రతి దేశానికీ ఒకటి ఉంది. పొరుగువాడు నిజంగా అమ్మగలిగిన సరుకులు ఎన్నో అందులోకే చేరాయి. దక్షిణ అమెరికా కూటమి మెర్కోసుర్‌లో చక్కెర మొదటి నుంచీ బయటే. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత ఇలాంటి ఒప్పందాలకు అతికినట్టు సరిపోతుంది.

ఇక మీలో చాలామందికి ఇష్టమైన, వ్యాపారులకు అస్సలు ఇష్టం లేని సంగతి: మూలదేశ నిబంధనలు. స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతంలో ప్రతి సభ్య దేశమూ బయటి ప్రపంచం మీద తన సుంకం తనే నిర్ణయించుకుంటుంది. అప్పుడు బయటి సరుకు తక్కువ సుంకం ఉన్న దేశంలో దిగి, లోపలి దారిన మిగతా దేశాలకు వెళ్లిపోకుండా ఆపాలి. అందుకని 'ఇది మా దేశంలోనే తయారైంది' అని రుజువు అడుగుతారు. అడగడం న్యాయమే. ఎలా అడుగుతున్నారన్నదే చూడాలి. ఉత్తర అమెరికాలో అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య నాఫ్టా ఒప్పందం ఉన్నప్పుడు కారు విలువలో 62.5 శాతం ఆ మూడు దేశాల్లోనే తయారై ఉండాలి. 2020 జూలైలో వచ్చిన కొత్త ఒప్పందం దాన్ని 75 శాతానికి పెంచింది. దానికి తోడు కారులో 40 నుంచి 45 శాతం భాగాన్ని గంటకు కనీసం 16 డాలర్ల కూలీ ఇచ్చే చోట చేయాలంది. కార్ల కంపెనీ దగ్గర దీనికి ఒక విభాగమే ఉంటుంది. బట్టలు కుట్టే చిన్న యూనిట్ దగ్గర, పైపులు పోసే చిన్న ఫౌండ్రీ దగ్గర ఏముంటుంది? దారం ఒక దేశానిది, జిప్పు ఇంకో దేశానిది, బటన్లు ఎక్కడివో సరఫరాదారుకే తెలియదు. వాటన్నిటి బిల్లులూ పోగేసి, ధ్రువపత్రం తెచ్చుకుని, అవతలి కస్టమ్స్ అధికారి సంతకం పోలికలు చూసి ఒప్పుకునేదాకా ఆగడం కన్నా మామూలు సుంకం కట్టేయడమే నయమనుకుంటాడు. ఒప్పందం ఉంటుంది, కానీ దాన్ని వాడుకోడు.

ఈ ముక్క మీ నివేదికల్లో కనపడదు. కాబట్టి నేరుగా అడుగుతున్నాను. ఒప్పందం కింద రాయితీకి అర్హత ఉన్న సరుకులో నిజంగా ఎంత శాతం ఆ రాయితీ తీసుకుంది? చాలా దేశాల కస్టమ్స్ కంప్యూటర్లలో ఈ అంకె ఉంటుంది. ఏటా బయటపెట్టండి. అది 40 శాతమని తేలితే కొత్త అధ్యాయాలు రాయడం మాని ఉన్న ఫారాన్ని కుదించండి. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ఆసియా-పసిఫిక్ వాణిజ్య ఒప్పందం ఆర్సెప్‌లో 15 దేశాలు ఒకే మూలదేశ నిబంధనలు పెట్టుకుని, ఒకరి ముడిసరుకును మరొకరు సొంతదిగా లెక్కేసుకునే వీలు కల్పించాయి. దాని మీద వేరే అభ్యంతరాలు ఎన్నైనా ఉండొచ్చు. భారత్ 2019లోనే అందులోంచి తప్పుకుంది, ఆ వాదన ఇంకా నడుస్తోంది. ఈ ఒక్క విషయంలో మాత్రం దారి సరైనదే.

గేటు దగ్గర ఏం జరుగుతుందో మీకు తెలియదని కాదు, మర్చిపోతుంటారు. లారీ వస్తుంది. ఇవతలి వైపు కస్టమ్స్, ఇమిగ్రేషన్, పురుగుమందుల తనిఖీ, ప్రమాణాల శాఖ, బండి ఇన్సూరెన్స్. తర్వాత కొన్ని వందల మీటర్లు నడిచి అవతలి వైపు మళ్లీ అవే ఐదు కిటికీలు. ఇవతలి ల్యాబ్ ఇచ్చిన రిపోర్టును అవతలివాళ్లు నమ్మరు, నమూనా తీసి పంపుతారు, ఫలితం వచ్చేదాకా పండ్లు ఎండలో ఉంటాయి. కొన్ని చోట్ల బండికి అవతల అనుమతి ఉండదు, కాబట్టి సరుకంతా దించి మరో లారీలోకి ఎక్కించాలి. ఈ బాధ తప్పించాలనే బంగ్లాదేశ్, భూటాన్, భారత్, నేపాల్ 2015 జూన్‌లో థింఫూలో మోటారు వాహనాల ఒప్పందం చేసుకున్నాయి. భూటాన్ పార్లమెంటు ఎగువ సభ దానికి ఒప్పుకోలేదు. పెద్ద దేశాల లారీలన్నీ తమ కొండ దారుల మీదికి వస్తే రోడ్లేమవుతాయి, తమ లారీ యజమానులేమవుతారు అన్నది వాళ్ల భయం. ఆ భయాన్ని తేలిగ్గా తీసేయకండి. చిన్న దేశానికి అలాంటి ప్రశ్న వస్తుందని సంతకానికి ముందే తెలుసుకోవాల్సింది.

ఆఫ్రికాలో దీనికి మంచి సమాధానం దొరికింది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. జాంబియా, జింబాబ్వే మధ్య చిరుండు దగ్గర 2009 డిసెంబరులో ఉమ్మడి సరిహద్దు పోస్టు పెట్టారు. లారీ బయల్దేరిన దేశం వైపు ఆగదు. అవతలి వైపు ఒక్కసారి ఆగుతుంది, అక్కడే రెండు దేశాల అధికారులూ పక్కపక్కన కూర్చుని పని ముగిస్తారు. దీనికోసం ఒక దేశపు అధికారి మరో దేశపు నేల మీద చట్టబద్ధంగా పని చేసే వీలు కల్పిస్తూ రెండు పార్లమెంట్లూ చట్టాలు చేయాల్సి వచ్చింది. తూర్పు ఆఫ్రికాలో కెన్యా, ఉగాండాల మధ్య మలాబా, బుసియాల్లోనూ అలాంటివే వచ్చాయి. అక్కడ ఇంకో అడుగు ముందుకు వేశారు. ఉగాండాకు వెళ్లే సరుకుకు సుంకం లెక్క సరిహద్దులో కాకుండా కెన్యాలోని మొంబాసా రేవులో ఉండగానే తేల్చేస్తారు. కంటైనర్‌కు సీలు, దాని మీద ఎలక్ట్రానిక్ నిఘా. ఉగాండా రాజధాని కంపాలా చేరడానికి ఇంతకుముందు రెండు వారాలకు పైగా పట్టే ప్రయాణం వారం లోపలికి వచ్చింది. ఇందులో ఫొటోకు పనికొచ్చేది ఏమీ లేదు. అధికారుల కుర్చీలు మారాయి, కంప్యూటర్లు మాట్లాడుకున్నాయి, అంతే.

సముద్ర తీరం లేని దేశాలకు ఇది సౌకర్యం కాదు, ఊపిరి. 2008 జనవరిలో కెన్యా ఎన్నికల గొడవల్లో రోడ్లు, రైలు పట్టాలు మూసుకుపోయినప్పుడు ఉగాండాలో, రువాండాలో పెట్రోలు కరువైంది. పక్కింట్లో గొడవకు ఈ ఇంట్లో పొయ్యి ఆరింది. అలాంటి దేశాలకు ట్రాన్సిట్ దారిని హామీగా రాసివ్వని ఒప్పందం ఎంత లావుగా ఉన్నా బరువు లేనిదే.

తలమీద మూటతో, సైకిల్‌తో సరిహద్దు దాటే చిన్న వ్యాపారుల గురించి కూడా ఒక మాట. ఆఫ్రికాలో చాలా సరిహద్దుల్లో వీళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల కోమెసా కూటమి వీళ్లకోసం ఒక తేలిక పద్ధతి పెట్టింది. ఒక పరిమితి లోపు విలువ ఉన్న సరుకు, రెండు దేశాలూ ముందే ఒప్పుకున్న జాబితాలో ఉంటే, గేటు దగ్గరే ఒక చిన్న ఫారంతో సుంకం లేకుండా దాటొచ్చు. మీ ప్రాంతంలో లేకపోతే కాపీ కొట్టండి, ఎవరూ తప్పు పట్టరు.

ఇప్పుడు మీరు మాట్లాడటానికి ఇష్టపడని అధ్యాయానికి వస్తాను. నష్టపోయేవాళ్ల సంగతి. పొరుగు మార్కెట్లు కలిస్తే అందరికీ లాభమే అంటారు. మొత్తం మీద చూస్తే నిజం కావచ్చు. కానీ లాభం ఫ్యాక్టరీలు, రేవులు, బ్యాంకులు ముందే ఉన్న దేశం వైపు జారుతుంది. కెన్యా, ఉగాండా, టాంజానియాల తొలి తూర్పు ఆఫ్రికా సమాజం 1967లో పుట్టి 1977లో కూలిపోయింది. ఉగాండా నియంత ఇడీ అమీన్‌తో ఒకే బల్ల దగ్గర కూర్చోనని టాంజానియా అధ్యక్షుడు జూలియస్ నైరేరే అనడం ఒక కారణం. పరిశ్రమలన్నీ కెన్యాకే పోతున్నాయన్న మిగతా ఇద్దరి ఉక్రోషం అంతకన్నా పాతది. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడోర్, హోండురస్ ఒకే ఉమ్మడి మార్కెట్లో ఉంటూనే 1969లో యుద్ధానికి దిగాయి. పైకి ఫుట్‌బాల్ పేరు, లోపల వలసలు, భూములు, మార్కెట్ లాభమంతా ఒకరికే పోతోందన్న కోపం. మరుసటి ఏడాదే హోండురస్ ఆ మార్కెట్ నుంచి బయటికి నడిచింది. నాఫ్టా చేసుకున్నప్పుడు మెక్సికో మొక్కజొన్న రైతుల కోసం సుంకాలను మెల్లగా తీసేయడానికి 15 ఏళ్ల గడువు రాసిపెట్టారు. వాళ్ల ప్రభుత్వమే ఆ గడువు తీరకముందే కోటాకు మించిన దిగుమతులను సుంకం లేకుండా రానిచ్చింది. రైతుకు కాగితం మీద 15 ఏళ్లు, పొలంలో అంతకన్నా చాలా తక్కువ.

దీనికి మందు ఎవరికీ తెలియనిది కాదు. 1951లో యూరప్ బొగ్గు ఉక్కు సమాజం ఒప్పందం రాసినప్పుడే, గనులు మూతపడితే ఆ కార్మికులకు భృతి, కొత్త పని నేర్పడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా రాశారు. దక్షిణాఫ్రికా, బోట్స్‌వానా, నమీబియా, లెసోతో, ఎస్వాతిని కలిసి ఉన్న కస్టమ్స్ యూనియన్ 1910 నాటిది, ఇప్పుడున్నవాటిలో అన్నిటికన్నా పాతది. అక్కడ సుంకాల ఆదాయం అంతా ఒక గల్లాలో పడుతుంది, చిన్న దేశాలకు వాటి పరిమాణానికి మించిన వాటా వస్తుంది. లెసోతో, ఎస్వాతిని బడ్జెట్లలో అది పెద్ద భాగం. దాని మీద అతిగా ఆధారపడటం మంచిది కాదన్న విమర్శ ఉంది, అది సబబే. అయినా ఆ యూనియన్ వందేళ్లు దాటి నిలబడటానికి ఆ వాటా ఒక కారణం. పెద్ద పొరుగుదేశాల మంత్రులకు ప్రత్యేకంగా చెప్తున్నాను. మీరు జేబులో చెయ్యి పెట్టకపోతే చిన్న దేశం పార్లమెంటు మీ ఒప్పందాన్ని ఆమోదించదు. ఆమోదించినా మొదటి కష్టకాలంలోనే గేటు మూస్తుంది.

మాట తప్పినప్పుడు ఎవరు చెప్పాలి? దక్షిణ ఆఫ్రికా దేశాల కూటమి సాడెక్‌కు ఒక ట్రైబ్యునల్ ఉండేది. 2008లో అది జింబాబ్వే రైతుల భూముల కేసులో ఆ ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. 2010లో దేశాధినేతలు కూర్చుని తీర్పును అమలు చేయించడానికి బదులు ట్రైబ్యునల్‌నే పక్కన పెట్టారు. ఆ నిర్ణయం చూసిన పెట్టుబడిదారుడు మిగతా ఒప్పందాన్ని ఏ మాత్రం నమ్ముతాడు?

మీలో కొందరు వేరే ప్రశ్న వేస్తారని తెలుసు. కంటైనర్ ఓడల కాలంలో, ఇంటర్నెట్ కాలంలో పొరుగు ఎందుకు, ప్రపంచమంతా మార్కెట్టే కదా అని. చిప్పుల విషయంలో, సాఫ్ట్‌వేర్ విషయంలో అది నిజం. కరెంటు మాత్రం ఓడెక్కదు. నార్వే, స్వీడన్ 1996లోనే ఉమ్మడి కరెంటు మార్కెట్ నడపడం మొదలుపెట్టాయి. బ్రెజిల్‌తో ఉమ్మడిగా ఉన్న ఇటైపు డ్యామ్ కరెంటులో పరాగ్వే తన వాటా వాడుకోగా మిగిలినది ఆ పొరుగు దేశానికే అమ్ముతుంది. పాడైపోయే పంట, బరువెక్కువ ధర తక్కువ ఉన్న సిమెంటు, మొదటిసారి ఎగుమతి మొదలుపెట్టే చిన్న కంపెనీ, వీటన్నిటికీ ముందు పొరుగే. ఒక్క పొరుగు మీదే బతకడమూ ప్రమాదమే. మెక్సికో ఎగుమతుల్లో 80 శాతం దాకా అమెరికాకే వెళ్తాయి. 2025లో అమెరికా, చేతిలో ఒప్పందం ఉండగానే, కెనడా, మెక్సికోల సరుకుల్లో ఎక్కువ భాగం మీద 25 శాతం సుంకం వేసింది. కొన్ని రోజులకే ఒప్పందం నిబంధనలకు లోబడిన సరుకులను వదిలింది కానీ, ఆ వారం ఫ్యాక్టరీలకు పట్టిన టెన్షన్ అంత తేలిగ్గా వదలదు. కాబట్టి పొరుగు మార్కెట్ కట్టండి, బయటి ప్రపంచానికి గోడ కట్టకండి. ప్రపంచ వాణిజ్యానికి నియమాలు పెట్టిన 1947 నాటి గాట్ ఒప్పందం 24వ అధికరణ పొరుగు కూటములకు మినహాయింపు ఇచ్చినప్పుడు పెట్టిన షరతు కూడా అదే. లోపల దాదాపు అంతా తెరవాలి, బయటివాళ్లకు మునుపటికన్నా కష్టం పెంచకూడదు. చవగ్గా దొరికే బయటి సరుకును ఆపి, ఖరీదైన పొరుగు సరుకును కొనిపిస్తే, ఆ బిల్లు కట్టేది మీ దేశపు కొనుగోలుదారే.

పాతదాన్ని పనిచేయించడం అంటే ఏమిటో 2020 మార్చి చూపించింది. కరోనా భయంతో యూరప్ దేశాలు కూడా ఒకరికొకరు మాస్కుల ఎగుమతి ఆపేశాయి, సరిహద్దులు బిగించాయి, జర్మనీ పోలండ్ మధ్య లారీలు కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోయాయి. స్వార్థం అక్కడా ఉంది. కానీ మార్చి 23 నాటికి కమిషన్ 'గ్రీన్ లేన్' మార్గదర్శకాలు ఇచ్చింది. ఏ సరుకు లారీ అయినా సరిహద్దు దాటడానికి 15 నిమిషాలు మించకూడదన్నది లక్ష్యం. పరుగెత్తి అడ్డుపడటానికి ఒక సంస్థ, కొలవడానికి ఒక అంకె సిద్ధంగా ఉన్నాయి కాబట్టే అది అంత త్వరగా జరిగింది.

మీ దగ్గర ఆ అంకె ఉందా? వచ్చే శిఖరాగ్ర సమావేశానికి నెల ముందు, ప్రతి ప్రధాన సరిహద్దు గేటు దగ్గర లారీ సగటున ఎన్ని గంటలు ఆగుతోందో, రాయితీని ఎంత శాతం సరుకు వాడుకుందో, వ్యాపారులు ఇచ్చిన ఫిర్యాదుల్లో ఎన్ని ఏడాది దాటి పెండింగులో ఉన్నాయో ఉమ్మడిగా ప్రకటించండి. మూడో లెక్కకు నమూనా కావాలంటే తూర్పు, దక్షిణ ఆఫ్రికా కూటములు సుంకేతర అడ్డంకుల మీద ఆన్‌లైన్‌లో నడుపుతున్న ఫిర్యాదుల పట్టిక ఉంది. ఎవరు ఎవరి మీద ఏమని రాశారో, ఏం తేలిందో ఎవరైనా చూడొచ్చు. సమావేశం మొదటి పూట క్లియరింగ్ ఏజెంట్లను, లారీ డ్రైవర్లను, చిన్న ఎగుమతిదారులను హాల్లో కూర్చోబెట్టి, ఆ అంకెలు నిజమో కాదో వాళ్లనే అడగండి. మంత్రుల ప్రసంగాలు మధ్యాహ్నానికి పెట్టుకోవచ్చు.

ఇట్లు,
మీ ఒప్పందాలన్నీ ఓపిగ్గా చదివే ఒక పౌరుడు